విమ్ ఎడిటర్ - రోజూ వాడేవాడి రివ్యూ

కోడ్, మామూలు టెక్స్ట్ ఫైళ్లు కీబోర్డ్‌తోనే రాసుకునే, మార్చుకునే ఎడిటర్ విమ్, పదేళ్లకు పైగా దాన్నే వాడుతున్నా. దీని మీద వచ్చే రివ్యూలన్నీ షార్ట్‌కట్ల దగ్గరే ఆగిపోతాయి, దాన్ని తయారుచేసిన మనిషి గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు, అందుకే ఇది రాస్తున్నా.

ముందు వాడకం సంగతి. విమ్ తెరవగానే టైప్ చేస్తే అక్షరాలు పడవు, ఎందుకంటే అప్పుడు నార్మల్ మోడ్‌లో ఉంటుంది, ఒక్కో కీ ఒక్కో కమాండ్. ఉదాహరణకి కోట్స్ మధ్యలో ఉన్నది మార్చాలనుకోండి, కర్సర్ అందులో పెట్టి సీ, ఐ, డబుల్ కోట్ కొడితే లోపలున్నదంతా పోయి కొత్తది టైప్ చేసుకోవచ్చు, ఎస్కేప్ కొట్టేసి ఇంకో లైన్‌లో అలాంటిదే ఉంటే అక్కడికెళ్లి చుక్క నొక్కండి, అదే మార్పు అక్కడా జరిగిపోతుంది. ఒక్కసారి చేతికి అలవాటైతే మౌస్ మీదకి చెయ్యి పోదు.

నన్ను పూర్తిగా కట్టిపడేసింది మాత్రం స్వాప్ ఫైల్, అంటే సేవ్ చేయని మార్పుల్ని విమ్ పక్కన దాచిపెట్టుకునే ఫైల్. ఒకరోజు రాత్రి సర్వర్‌లో పెద్ద కాన్ఫిగ్ (సెట్టింగ్‌ల) ఫైల్ మారుస్తుంటే సేవ్ చేయకముందే కనెక్షన్ పోయింది, గంట పని గంగలో కలిసిందనుకున్నా. మళ్లీ లాగిన్ అయి ఫైల్ తెరిస్తే, స్వాప్ ఫైల్ ఉంది రికవర్ చేయమంటావా అని అడిగింది, ఆర్ నొక్కా, మొత్తం వచ్చేసింది.

విమ్‌ని తయారుచేసింది నెదర్లాండ్స్‌కి చెందిన బ్రామ్ మోలెనార్. బిల్ జాయ్ 1976లో మొదలుపెట్టిన వీ ఎడిటర్ అంటే ఈయనకి ఇష్టం, కొన్న అమీగా కంప్యూటర్‌లో అది లేకపోయేసరికి వీ లాగే పనిచేసే స్టీవీ అనే ఎడిటర్ తీసుకుని దాన్ని బాగుచేసుకుంటూ 1991లో విమ్‌గా బయటపెట్టారు. 2023 ఆగస్ట్ 3న చనిపోయేదాకా దాన్ని వదల్లేదు. ముప్పై ఏళ్లు దాటి ఒకే ప్రోగ్రామ్!

విమ్ ఖాళీగా తెరిస్తే, ఉగాండాలోని పేద పిల్లలకి సాయం చేయండి అని ఒక లైన్ కనిపిస్తుంటుంది. నేను ఏళ్ల తరబడి దాన్ని చూసి కూడా పట్టించుకోలేదు, ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది. ఒకసారి కోలన్ కొట్టి హెల్ప్ ఉగాండా అని టైప్ చేశా. 1994లో ఆయన ఉగాండాలోని కిబాలేకి వెళ్లి పిల్లల సెంటర్ కోసం ఏడాదంతా నీళ్లు, శానిటేషన్ ఇంజినీర్‌గా పనిచేశారట, ఎయిడ్స్ దెబ్బకి తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలు అక్కడ చాలామంది. సాఫ్ట్‌వేర్ ఫ్రీనే, నచ్చితే ఆ పిల్లలకి ఇవ్వండి అంటారు, దీనికే చారిటీవేర్ అని పేరు.

లోపాలూ ఉన్నాయి. విమ్‌ని మనకి కావాల్సినట్టు మార్చుకునే భాష విమ్‌స్క్రిప్ట్, అది రాయడం తలనొప్పి, 2022లో వచ్చిన విమ్ 9.0లోని కొత్త స్క్రిప్ట్ భాష కాస్త నయం. ఇంకోటి, చాలా ఏళ్లు ప్రతి ప్యాచ్ (కోడ్‌లో చేసే మార్పు) బ్రామ్ చేతి మీదుగానే పోవాలి, అందుకే కొంతమంది విసిగి 2014లో విమ్ కోడ్ తీసుకునే నియోవిమ్ అని వేరే ఎడిటర్ మొదలుపెట్టారు. ఆ విషయంలో వాళ్లదే న్యాయమని నా అభిప్రాయం, ఇంతమంది ఆధారపడే దానికి ఒక్కరే కాపలా ఉండటం మంచిది కాదు. ఆయన పోయాక మాత్రం పని ఆగలేదు, వాలంటీర్లు అందుకుని 2024 జనవరిలో 9.1 తెచ్చారు, దాన్ని బ్రామ్‌కే అంకితమిచ్చారు.

టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) పనిచేసేవాళ్లకి 5కి 4.5 ఇస్తా. ఎప్పుడో ఒకసారి డాక్యుమెంట్ రాసుకునేవాళ్లకి ఇది అక్కర్లేదు. నేర్చుకోవాలంటే వీడియోల వెంట పడొద్దు, టెర్మినల్‌లో విమ్‌ట్యూటర్ అని కొడితే అరగంట పాఠం దాంట్లోనే ఉంటుంది, అది రెండుసార్లు చేయండి, అది అయ్యాక ఆ ఉగాండా పేజీ కూడా ఒకసారి తెరిచి చదవండి.