‘జాబ్ గ్యారంటీ’ కోర్సులో చేరుతున్నారా? ఓటీపీ చెప్పే ముందు ఇది చదవండి

లైను మారదామని డేటా అనలిటిక్స్ కోర్సుల కోసం అమీర్‌పేట, మైత్రీవనం చుట్టూ తిరుగుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా తమ్ముడు జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. ఆర్డర్లు తగ్గి ఒక షిఫ్టు ఎత్తేశారు. కొత్త పని నేర్చుకుందామని వాడు అనుకోవడంలో తప్పేమీ లేదు.

వాడు చేరిన ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజు లక్షా ఇరవై వేలు, పైన జీఎస్టీ. ‘ఉద్యోగం వచ్చాకే కట్టండి’ అని బయట బోర్డు. లోపల కౌన్సెలర్ "జస్ట్ ఫార్మాలిటీ సార్" అంటూ ఆధార్, పాన్ తీసుకుని, ఫోనుకి వచ్చిన ఓటీపీ చెప్పించుకున్నాడు. అంతే, మా తమ్ముడి పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీలో లోన్ పడింది. డబ్బంతా ఇన్‌స్టిట్యూట్‌కి పోయింది. వచ్చే నెల నుంచే ఈఎమ్ఐ. క్లాసు జరిగినా జరగకపోయినా అది కట్టాల్సిందే, ఆపితే పాడయ్యేది మన సిబిల్ స్కోరే.

అగ్రిమెంటు తెప్పించి నేను చదివాను. అందులో ‘ప్లేస్‌మెంట్ సహాయం’ అనే ఉంది, గ్యారంటీ మాటే లేదు. ఆ సహాయానికి కూడా తొంభై శాతం హాజరు ఉండాలి, మాక్ ఇంటర్వ్యూలన్నీ పాస్ కావాలి. లైవ్ అన్న క్లాసుల్లో చాలావరకు పాత రికార్డింగులు. ప్రాజెక్టు బ్యాచ్ అందరికీ ఒకటే: అందరూ ప్రాక్టీసుకి వాడే ‘సూపర్‌స్టోర్’ అనే షాపు అమ్మకాల డేటా మీద డ్యాష్‌బోర్డు, అంటే లెక్కల్ని చార్టులుగా చూపించే పేజీ. రంగులు కూడా మార్చలేదు. ఇంటర్వ్యూ చేసినాయన చూడగానే గుర్తుపట్టి, రెండు టేబుళ్లు ఇచ్చి లెఫ్ట్ జాయిన్ (రెండు పట్టికల్ని కలిపే మామూలు క్వెరీ) రాయమన్నాడట. కోర్సులో అది వాడి చేత ఒక్కసారి కూడా సొంతంగా రాయించలేదు మరి.

నాకు బాగా మండింది మాత్రం రెజ్యూమే విషయంలో. ఫ్యాక్టరీ అనుభవం మొత్తం తీసేసి, ఎక్కడో మూడేళ్లు డేటా అనలిస్టుగా చేసినట్టు పెట్టమన్నారు. దీన్ని మాత్రం అస్సలు ఒప్పుకోకండి. కంపెనీలు యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) మీద పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తాయి. ఎవరు ఎక్కడ ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేశారో అందులో ఉంటుంది. జాయినయ్యాక దొరికినా ఉద్యోగం పోతుంది.

అసలు వాళ్లు తీసేయమన్న ఆ అనుభవమే వాడి బలం. ఏ మెషీన్ మీద ఏ షిఫ్టులో రిజెక్షన్లు ఎక్కువో, ఎందుకో వాడికి తెలుసు. అదే రిజెక్షన్ రిజిస్టర్‌ని ఎక్సెల్‌లోకి ఎక్కించి, పివట్ టేబుల్ (డేటాని గుంపులుగా లెక్కగట్టి చూపే పట్టిక) వేసి, తర్వాత డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ నేర్చుకుంటే అది వాడి సొంత ప్రాజెక్టు అవుతుంది. ఎవరు ఏం అడిగినా జవాబు చెప్పగలడు. ఇప్పుడు వాడు చేస్తున్నది అదే. అకౌంట్స్‌లో ఉన్నవాళ్లయినా, గోడౌన్ చూసుకునేవాళ్లయినా ముందు మీ పనిలోని డేటాతోనే మొదలుపెట్టండి. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో ఎన్‌పీటీఎల్ (ఐఐటీల వాళ్ల ఆన్‌లైన్ కోర్సులు) పాఠాలు ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఒక నెల అలా చూశాక కూడా కోచింగ్ కావాలనిపిస్తే, నెలనెలా ఫీజు తీసుకునే చోట చేరండి.

ఇప్పటికే ఓటీపీ చెప్పేసినవాళ్లు ముందు లోన్ తాలూకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (వడ్డీ, ఛార్జీలు, షరతులు ఉండే కాగితం) తీసి చూడండి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం డిజిటల్ లోన్లకు కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు, అంటే మనసు మార్చుకునే సమయం, ఉండాలి. ఆ లోపు అసలు, ఆ రోజులకు పడే వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. గడువు దాటితే ఇన్‌స్టిట్యూట్ మీద 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయండి. ఉద్యోగం గ్యారంటీ అంటూ కోచింగ్ సెంటర్లు తప్పుదోవ పట్టించే ప్రకటనలు ఇవ్వకూడదని 2024 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. లోన్ కంపెనీ మీదైతే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ముప్పై రోజుల్లో తేల్చకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు.

మా ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఇన్‌స్టిట్యూట్ పేరు ఇక్కడ రాయడం లేదు. బోర్డు ఫోటో, బ్రోచరు, కౌన్సెలర్ వాట్సాప్ మెసేజ్‌లు మాత్రం దాచిపెట్టుకోండి. మా ఫిర్యాదుకి జతచేసిన ఆధారాలు అవే.