ఉగాది వేడుకలో బార్ పెట్టాలంటే: టెన్ (టెంపరరీ ఈవెంట్ నోటీస్) మేలా, ప్రెమిసెస్ లైసెన్స్ మేలా?

ఇంగ్లాండ్, వేల్స్‌లోని తెలుగు సంఘాలకు ఏటా వచ్చే తంటా ఇది. హాలు బుక్కయింది, పిల్లల రిహార్సల్స్ నడుస్తున్నాయి, మరి లైసెన్స్ మాటేంటి? మన దగ్గర మందు పర్మిషన్ అంటే ఎక్సైజ్ ఆఫీసు. ఇక్కడ 2003 లైసెన్సింగ్ చట్టం కింద అది లోకల్ కౌన్సిల్ పని. మందు అమ్మకం, ఆటపాటలు, రాత్రి 11 దాటాక వేడి తిండి, అన్నీ అక్కడే. (స్కాట్లండ్‌కు వేరే చట్టం ఉంది, ఇదేదీ అక్కడ వర్తించదు.)

అసలు లైసెన్స్ కావాలా అన్నది ముందు తేల్చుకోవాలి. ఉదయం 8 నుంచి రాత్రి 11 వరకు, 500 మందికి మించని ప్రేక్షకుల ముందు నృత్య ప్రదర్శనకు లైసెన్స్ అక్కర్లేదు. కమ్యూనిటీ హాలులోనో స్కూలు హాలులోనో పాటలు వేయాలన్నా అదే సమయం, అదే లెక్క. కాకపోతే హాలు యాజమాన్యం అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. కాబట్టి కూచిపూడి కోసం కౌన్సిల్‌కి ఫీజు కట్టడం డబ్బు దండగ. పాటల కాపీరైట్‌కు సంబంధించిన పీపీఎల్ పీఆర్ఎస్ లైసెన్స్ వేరు, అది హాలుకు ఉందో లేదో అడగండి.

చిక్కంతా మందు దగ్గరే. ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా పోస్తే అది అమ్మకం కాదు, లైసెన్స్ అవసరం లేదు. కానీ "25 పౌండ్ల టికెట్, భోజనంతో పాటు ఒక డ్రింక్ ఫ్రీ" అని ఫ్లయర్ వేస్తే అది అమ్మకమే. "ఫ్రీ" అన్న మాట చట్టం దగ్గర చెల్లదు. అనుమతి లేకుండా అమ్మితే పరిమితి లేని జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు.

అమ్మాలనే అనుకుంటే ఎక్కువమందికి అక్కరకొచ్చేది టెంపరరీ ఈవెంట్ నోటీస్, అందరూ టెన్ అనేది. ఫలానా రోజు ఫలానా చోట అమ్ముతామని కౌన్సిల్‌కు ముందే ఇచ్చే నోటీసు అది. ఫీజు 21 పౌండ్లు. 18 నిండిన ఎవరైనా ఇవ్వొచ్చు, పర్సనల్ లైసెన్స్ (మందు అమ్మకానికి మనిషి పేరున ఇచ్చే లైసెన్స్) ఉండక్కర్లేదు. నోటీసు సంఘం పేరున కాదు, ఒక మనిషి పేరున వెళ్తుంది. బాధ్యతా ఆ మనిషిదే, అందుకే ఆ రోజు ఊళ్లో ఉండేవాళ్లనే ఎంచుకోండి.

టెన్ బెడిసికొట్టేది రెండు చోట్ల. ఒకటి తలల లెక్క. ఏ క్షణంలోనైనా లోపల 499 మందికి మించకూడదు. ఇందులో ప్రేక్షకులే కాదు, డాన్సర్లు, వాలంటీర్లు, వంటవాళ్లు, సౌండ్ మనిషి, చంటిపిల్లలతో సహా అందరూ లెక్కే. 480 టికెట్లు అమ్మి, తెర వెనక 60 మంది పిల్లలు ఉన్నారంటే టెన్ పనికిరాదు. 420 దగ్గర టికెట్లు ఆపేయడమే మంచిది.

రెండోది తేదీ. పది పూర్తి పనిదినాల ముందు కౌన్సిల్‌కు నోటీసు అందాలి. అందిన రోజు, వేడుక రోజు, శని, ఆదివారాలు, బ్యాంకు సెలవులు లెక్కలోకి రావు. 2026 ఉగాది మార్చి 19న, గురువారం. సంబరం 21 శనివారం పెట్టుకుంటే మార్చి 9 నుంచి 20 వరకు పది పనిదినాలు అవుతాయి. అంటే నోటీసు ఆలస్యమైనా 6వ తేదీ శుక్రవారం ఆఫీసు వేళల్లోనే చేరాలి. "రెండు వారాల ముందు" అని నోటిలెక్క వేసుకుని 7వ తేదీ శనివారం పంపినవాళ్లు లేట్ టెన్‌లో పడతారు.

లేట్ టెన్‌కు ఐదు నుంచి తొమ్మిది పనిదినాల గడువు చాలు, ఫీజూ అంతే. కానీ పోలీసులో ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ (శబ్దం, శుభ్రత చూసే కౌన్సిల్ విభాగం) వాళ్లో మూడు పనిదినాల్లో ఒక్క అభ్యంతరం పెడితే కథ ముగిసినట్టే. మామూలు టెన్‌కైతే హియరింగ్ (కౌన్సిల్ ముందు విచారణ) ఉంటుంది, మన మాట చెప్పుకోవచ్చు.

ఇంకో పరిమితి హాలుది. ఒకే చోటికి ఏడాదికి 15 టెన్‌లు, మొత్తం 21 రోజులు. జనవరి నుంచి డిసెంబరు లెక్క కాబట్టి ఉగాదికి ఇబ్బంది ఉండదు, దీపావళికి ఉంటుంది. హాలు అడ్వాన్స్ కట్టే ముందే "ఈ ఏడాది ఎన్ని వాడేశారు?" అని అడగాలి. పర్సనల్ లైసెన్స్ లేని మనిషికి ఏడాదికి ఐదు, అందులో లేట్ రెండే.

లోపల 499 మంది దాటితే ప్రెమిసెస్ లైసెన్స్, అంటే ఆ స్థలానికే ఇచ్చే లైసెన్స్, తప్పదు. ఒక్కరోజు వేడుకకైనా గడువు పెట్టి తీసుకోవచ్చు. ఫీజు ఆస్తి రేటబుల్ విలువను (పన్ను కోసం కట్టిన విలువ) బట్టి 100 నుంచి 635 పౌండ్లు. పత్రికలో ప్రకటన వేయాలి, స్థలం దగ్గర లేత నీలం కాగితం మీద నోటీసు 28 రోజులు అతికించి ఉంచాలి. బార్ ఉంటే పర్సనల్ లైసెన్స్ ఉన్న సూపర్‌వైజర్ పేరు చూపించాలి. చుట్టుపక్కల వాళ్లు అభ్యంతరం పెడితే హియరింగ్. మూడు నెలలు ముందు మొదలుపెట్టకపోతే దీని జోలికి పోవద్దు. దరఖాస్తుకు ముందు ఆ కౌన్సిల్ లైసెన్సింగ్ పాలసీ చదవండి. సెక్యూరిటీ, వయసు తనిఖీ, శబ్దం గురించి వాళ్లు ఏం ఆశిస్తారో అందులోనే ఉంటుంది. దాన్నే ప్లాన్‌లో ముందుగా రాసేస్తే సగం అభ్యంతరాలు రావు.

నన్నడిగితే ఈ రెండింటికన్నా మేలైనది మూడోది: లైసెన్స్ ఉన్న హాలు తీసుకుని బార్ వాళ్లకే వదిలేయడం. లాభం పోతుంది నిజమే. కానీ బార్ మీద వచ్చే రెండు మూడొందల కోసం కమిటీలో ఒకరి మెడ మీద కత్తి వేలాడదీయడం దేనికి? చిన్న హాలు, రెండొందల మంది, అమ్మి తీరాలి అనుకుంటే టెన్ బాగుంటుంది.

ఇక తంబోలా, రాఫిల్ (టికెట్లు అమ్మి తీసే లక్కీ డ్రా). వీటిది 2005 గ్యాంబ్లింగ్ చట్టం, టెన్ వీటికి పనిచేయదు. వేడుక జరుగుతుండగా అక్కడే టికెట్లు అమ్మే రాఫిల్‌కు ఏ లైసెన్సూ వద్దు. వసూళ్లలోంచి బహుమతులకు 500, ఖర్చులకు 100 పౌండ్లకు మించి తీయకూడదు, మిగతాది మంచి పనికే పోవాలి. అదే టికెట్లను వారం ముందు వాట్సాప్ గ్రూపులో అమ్మారంటే లెక్క మారుతుంది. స్మాల్ సొసైటీ లాటరీగా 40 పౌండ్లు కట్టి కౌన్సిల్‌లో నమోదు చేయించుకోవాలి, కనీసం 20 శాతం సంఘం ఆశయానికి పోవాలి. తంబోలాకు ఆటగాడి నుంచి రోజుకు 8 పౌండ్లు మించకూడదు, మొత్తం బహుమతులు 600 దాటకూడదు, డబ్బు దేనికి పోతుందో ఆడేవాళ్లకు ముందే చెప్పాలి.