స్క్రాచ్‌లో ముగ్గు: ఆరు, ఏడు తరగతుల ల్యాబుకి పనికొస్తుందా?

స్క్రాచ్ అంటే పిల్లలు బ్లాకులు పేర్చి కోడ్ రాసే ప్రోగ్రాం. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో పుట్టింది, ఉచితం. డెస్క్‌టాప్ యాప్ ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది. హైదరాబాద్ బడి ల్యాబుకి అదే పెద్ద ఊరట. కాకపోతే అది తనంతట తాను సేవ్ చేసుకోదు. కరెంటు పోతే పీరియడ్ అంతా గోవిందా! పది నిమిషాలకోసారి సేవ్ కొట్టించాలి.

బొమ్మల లైబ్రరీ మన పిల్లలకి పరాయిదే: టాకో ఉంది, సమోసా లేదు. అలాగని స్క్రాచ్ పిల్లి బొమ్మ పక్కన చార్మినార్ ఫొటో అతికిస్తే పాఠం మనదైపోదు. పనికొచ్చేది పెన్ ఎక్స్‌టెన్షన్, అంటే తెర మీద గీతలు గీసే అదనపు బ్లాకులు. ముగ్గులో లెక్క ముందే ఉంది కదా!

7 చుక్కలు, 4 వచ్చేదాకా సందు చుక్క తీసుకోండి. మొత్తం 37 చుక్కలు. పెన్ సైజు 6, చుక్కల మధ్య 40, వరుసల మధ్య 35 పెడితే 480×360 తెరలో హాయిగా సరిపోతుంది. n అంటే వరుసలో చుక్కల సంఖ్య, 4తో మొదలు; y అంటే వరుస ఎత్తు, 105తో మొదలు. వరుస మొదటి x: మైనస్ (n-1)×20. n సార్లు రిపీట్: అక్కడికి వెళ్లు, పెన్ డౌన్, పెన్ అప్, x కి 40 కలుపు. వరుస అయ్యాక y సున్నా కన్నా ఎక్కువుంటే n కి 1 కలపాలి, లేకపోతే 1 తీసేయాలి. ఆ తర్వాతే y లోంచి 35 తగ్గించాలి. ఇదంతా 7 సార్లు.

తప్పులు జరిగేది ఇక్కడే. y ముందే తగ్గిస్తే నడిమి వరుసలో 7 బదులు 5 చుక్కలు పడి ముగ్గు కుంగిపోతుంది. మొదటి x మార్చకపోతే సందు చుక్క కాస్తా ఎదురు చుక్క అవుతుంది. ముగ్గు తెలిసిన పిల్ల కోడ్ చూడకుండానే పట్టేస్తుంది. పెన్ అప్ మరిస్తే చుక్కలన్నీ గీతతో అతుక్కుంటాయి. మొదట్లో ఎరేజ్ ఆల్ లేకపోతే పాత ముగ్గు మీదే కొత్తది పడుతుంది.

అందరి గుమ్మంలో ముగ్గు ఉండదు. పాతబస్తీ క్లాసులో జాలీ (జల్లెడ కిటికీ) నగిషీ ఇవ్వొచ్చు: ఒక రేకు గీసి, 45 డిగ్రీలు తిప్పి, 8 సార్లు రిపీట్.

మ్యూజిక్ ఎక్స్‌టెన్షన్‌కి మార్కులు తక్కువే. 18 రకాల డ్రమ్ములున్నా డప్పు లేదు. ఫోన్‌లో రికార్డు చేసి ఎక్కించొచ్చు కానీ చాలా ఫోన్లు ఎం4ఏ అనే రకం ఫైలుగా దాస్తాయి, స్క్రాచ్ దాన్ని తీసుకోదు. ముందే ఎంపీ3గా మార్చి పెట్టుకోండి.