కడప ఎండల్లో బ్లాక్ అండ్ వైట్ డెవలపర్లు: ఏళ్ళ తరబడి వాడాక

డెవలపర్ అంటే ఫిలిం మీద పడ్డ బొమ్మను పైకి తెచ్చే మందు. దాని ప్యాకెట్ మీద, ఫిలిం పెట్టె మీద ఎక్కడ చూసినా ఫిలింను అందులో ఉంచాల్సిన టైములు 20 డిగ్రీలకే ఇచ్చి ఉంటారు. మే నెలలో కడపలో 20 డిగ్రీల నీళ్ళు ఫ్రిజ్‌లో తప్ప ఇంకెక్కడా దొరకవు. మిద్దె మీది ట్యాంకు నుంచి మధ్యాహ్నం వచ్చే నీళ్ళలో చెయ్యి కూడా పెట్టలేం. అందుకే గ్రెయిన్ (ఫొటోలో కనిపించే రవ్వ) ఎంత సన్నం, షార్ప్‌నెస్ ఎంత అనే పోలికలు నాకు తర్వాతి సంగతి. 26 డిగ్రీల దగ్గర ఈ డెవలపర్ నాకు ఎన్ని నిమిషాలు ఇస్తుంది? ముందు చూసుకునేది ఇదే.

నేను ఎక్కువగా కడిగేది ఇల్ఫోర్డ్ హెచ్‌పి5 ప్లస్ ఫిలిం, అప్పుడప్పుడు ఎఫ్‌పి4 ప్లస్, రెండూ 35 ఎంఎం. డి-76, హెచ్‌సి-110, రోడినాల్, ఎక్స్‌టాల్ అనే నాలుగు డెవలపర్లనూ ఎండాకాలంలోనూ చలికాలంలోనూ వాడాను.

26 డిగ్రీలే ఎందుకంటే కుండ వల్ల. ఇక్కడి వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీడలో పెట్టిన మట్టికుండలో నీళ్ళు బయట 42 ఉన్నా 26, 27 దగ్గర ఆగుతాయి. ఐసు వేసి 20కి దించొచ్చు, దించడం కష్టమేమీ కాదు. గది 36లో ఉన్నప్పుడు దాన్ని అక్కడే నిలబెట్టడం కష్టం. కడగడం పూర్తయ్యేలోపే ట్యాంకు, అంటే ఫిలిం కడిగే డబ్బా, రెండు మూడు డిగ్రీలు ఎక్కేస్తుంది. ఎంత ఎక్కిందో తెలియని 20 కంటే కదలకుండా ఉండే 26 మేలు. వెడల్పాటి టబ్బులో కుండనీళ్ళు పోసి డెవలపర్, హైపో (వచ్చిన బొమ్మను నిలబెట్టే ద్రావణం), కడిగే నీళ్ళు అన్నీ అందులోనే పెడతాను. ఇప్పటి ఫిలింల మీద బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ పూత గట్టిది, 26కి దానికేమీ కాదు. 26లో డెవలప్ చేసిన రీలును తీసుకెళ్ళి వేడి కుళాయి కింద పెడితేనే గ్రెయిన్ ముద్దకట్టే ప్రమాదం. పూర్వం వేడి ప్రాంతాల్లో జెలటిన్ మరీ ఉబ్బకుండా డెవలపర్‌లో సోడియం సల్ఫేట్ కలిపేవాళ్ళు. నాకు ఆ అవసరం రాలేదు.

20 నుంచి డిగ్రీ పెరిగినకొద్దీ టైము సుమారు పదో వంతు తగ్గించాలి. ఈ ఒక్క లెక్క వేసి చూస్తే డెవలపర్ల వరస మారిపోతుంది.

హెచ్‌సి-110 తీసుకోండి. 1962 నాటి కొడాక్ సరుకు, పొడి కలిపే పని లేదు, సీసాలోంచి సిరంజితో లాగి నీళ్ళలో కలపడమే. పని తేలిక కాబట్టి నేను మొదట దీని మీదే మోజు పడ్డాను. అందరూ వాడే డైల్యూషన్ బి, అంటే 1+31లో (ఒక వంతు డెవలపర్‌కు 31 వంతుల నీళ్ళు) హెచ్‌పి5కి 20 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు. అదే 26కి వస్తే మూడు నిమిషాలు కూడా ఉండవు. ట్యాంకులో పోయడానికి, వంపేయడానికి పట్టే టైమే అందులో పెద్ద వాటా అయిపోతుంది. ఆకాశం ఎక్కువ ఉన్న ఫొటోల్లో ఒక పక్క ముదురు, ఒక పక్క లేత. వేసవిలో దీన్ని వాడాలనుకుంటే 1+63 చేసుకోండి, టైము రెట్టింపవుతుంది. వాడేవాళ్ళు దాన్ని డైల్యూషన్ హెచ్ అంటారు, కొడాక్ పట్టికలో ఆ పేరు ఉండదు. 26 దగ్గర ఐదు నిమిషాల పైన వస్తుంది. ఒక్క రీలుకైనా 500 మి.లీ. ట్యాంకు పెట్టండి, లేకపోతే అందులో పడే కాన్సంట్రేట్ (సీసాలోని అసలు ద్రవం) చాలదు. కొన్నేళ్ళ కిందట ఫార్ములా మార్చాక ఈ ద్రవం పల్చబడింది. పాత చిక్కటి సరుకులా ఏళ్ళ తరబడి నిలుస్తుందని మాత్రం నమ్మకండి.

ఎక్స్‌టాల్ గురించి చెడ్డగా చెప్పలేను. 1996లో వచ్చింది, విటమిన్ సి కుటుంబపు రసాయనంతో పనిచేస్తుంది, ఈ నాలుగింటిలో నాకు అన్నిటికంటే సన్నని గ్రెయిన్ ఇచ్చింది, నీడల్లో వివరం కూడా బాగా వచ్చింది. కానీ ప్యాకెట్ విప్పితే ఐదు లీటర్లూ ఒకేసారి కలపాలి. నెలకు రెండు రీళ్ళు కడిగేవాడికి ఐదు లీటర్లు ఏం చేసుకోవడానికి? పైగా ఇది చచ్చిపోయినా రంగు మారదు, చూడ్డానికి తాజాగానే ఉంటుంది. నీళ్ళలో ఇనుము, రాగి జాడలున్నా త్వరగా పాడవుతుంది, మా బోరు నీళ్ళతో దీన్ని కలిపే ధైర్యం నాకు లేదు. కడిగే ముందు ఫిలిం మొదటి ముక్క కొంచెం కత్తిరించి వెలుతురులోనే డెవలపర్‌లో వేసి చూడండి. నల్లబడితే బతికున్నట్టు. ఈ పరీక్ష ఏ డెవలపర్‌కైనా పనికొస్తుంది, దీనికి మాత్రం తప్పనిసరి.

రోడినాల్ 1891 నుంచీ ఉంది. ఇప్పుడు వేరే పేర్లతో కూడా అమ్ముతున్నారు. నల్లగా మారినా పనిచేస్తూనే ఉంటుంది, మా బీరువాలో ఎండాకాలాలు దాటిన సీసా ఇంకా బాగుంది. పుష్పగిరి గుడి గోడల మీది శిల్పాలకు ఎఫ్‌పి4, రోడినాల్ 1+50 జోడీని మించింది నేను చూడలేదు. రాతి మీద ఉలి దెబ్బ కూడా తెలుస్తుంది. 20కి 15 నిమిషాలు, 26కి ఎనిమిది, హాయిగా సరిపోతుంది. హెచ్‌పి5కి మాత్రం వద్దు, ఆకాశమంతా ఉప్మారవ్వ చల్లినట్టు ఉంటుంది. స్పీడు (వెలుతురును పట్టుకునే శక్తి) కూడా పూర్తిగా రాదు, 400 స్పీడున్న ఆ ఫిలింను 250గా లెక్కేసి తీయాలి. 1+100లో గంటసేపు కదపకుండా వదిలేసే పద్ధతిని చాలామంది మెచ్చుకుంటారు. ఆ గంటలో మా గది ట్యాంకును ఎంత వేడెక్కిస్తుందో వాళ్ళకేం తెలుసు! ఇన్‌స్టంట్ కాఫీ, వాషింగ్ సోడా, విటమిన్ సి కలిపి కడిగే సరదా కూడా ఉంది. వేగవంతమైన ఫిలిం మీద మసక పొర వస్తుంది, ఇల్లంతా కంపు. సరదాకే.

మిగిలింది డి-76. నా అరలో ఎప్పుడూ ఉండేది ఇదే. 1927 నాటిది, ఇల్ఫోర్డ్ వాళ్ళ ఐడి-11 కూడా దాదాపు ఇదే. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. బోరాక్స్ అంటే మన వెలిగారమే. ప్యాకెట్ దొరకనప్పుడు ల్యాబు రసాయనాలు తెప్పించి ఇంట్లోనే కలుపుకుంటాను. ముందు చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్, అది కరిగాకే మిగతావి. సల్ఫైట్ మొత్తం ముందే పోస్తే మెటాల్ కరగదు. 50 డిగ్రీల నీళ్ళు కావాలంటారు, మే నెలలో స్టవ్ మీద ఎక్కువసేపు పెట్టనక్కర్లేదు.

ఐడి-11లో హెచ్‌పి5కి 1+1 టైము 20కి 13 నిమిషాలు, 26కి నేను 7 ఇస్తాను. నిజంగా బాగుపడేది 1+3. ఇల్ఫోర్డ్ పట్టికలో 20 నిమిషాలు చూసి ఎవరైనా విసుక్కుంటారు. మా వేడిలో అది పదిన్నరకు దిగుతుంది. పల్చటి డెవలపర్ బాగా వెలుగు పడ్డ చోట త్వరగా అలిసిపోతుంది, నీడలో పని చేస్తూనే ఉంటుంది. గండికోటలో మిట్టమధ్యాహ్నం మసీదు కమానుల కింద నిలబడి బయట ఎండలో ఉన్న మనిషిని తీస్తే, 1+1లో మనిషి చొక్కా తెల్ల కాగితం. 1+3లో చొక్కా మడతలు, కమాను లోపలి రాళ్ళు రెండూ వచ్చాయి. గ్రెయిన్ కొంచెం పెరుగుతుంది, నేను పట్టించుకోను. ఇక్కడ కూడా రీలు ఒక్కటే, ట్యాంకు 500 మి.లీ.ది.

దీనికీ ఒక లోపముంది. సగం ఖాళీ అయిన సీసాలో స్టాక్ (ఇంకా పల్చన చేయని డెవలపర్) కొన్ని వారాలకు బలహీనపడాల్సింది పోయి కాస్త చురుకవుతుంది, నెగెటివ్ ముదురుగా వస్తుంది. అందుకే కలిపిన రోజే పావు లీటరు సీసాల్లో నిండా పోసి మూత బిగిస్తాను. నిండు సీసా ఆరు నెలలు ఉంటుంది, తెరిచింది ఆ నెలలోనే వాడేయాలి.

స్టాక్ కలపడానికి, చివరి కడుగుకు మినరల్ వాటర్ క్యాన్ నీళ్ళు, మధ్య కడుగులకు బోరు నీళ్ళు చాలు. చివర్లో కూడా బోరు నీళ్ళే వాడితే ఆరాక నెగెటివ్ మీద తెల్లటి సున్నపు మచ్చలు ఉండిపోతాయి, స్కానర్ వాటిని వదలదు.