హికోనేనా, మత్సుయేనా: ఏ కోట ఊరు మేలు?

కోట అనగానే గోల్కొండ ప్రాకారాలు తలపుకొచ్చే మనకు జపాన్ కోట మొదటి చూపులో చిన్నదిగానే తోస్తుంది, ఎందుకంటే అక్కడ ఎత్తైన రాతి పునాది మీద నిలబెట్టిన చెక్క మేడే కోటకు గుండెకాయ. మంటలకూ, 1868 తర్వాతి మెయిజీ చక్రవర్తి కాలపు కూల్చివేతలకూ, 1945 బాంబులకూ చిక్కకుండా పాత రూపంలో మిగిలిన మేడలు 12 మాత్రమే. వాటిలో ప్రభుత్వం జాతీయ నిధులుగా గుర్తించిన ఐదింటిలో హిమేజీ పేరు అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని పక్కన పెట్టి, చిన్న ఊళ్లైన హికోనే, మత్సుయేలను పోల్చి చూద్దాం.

బివా సరస్సు తూర్పు ఒడ్డున ఉన్న హికోనే, అప్పట్లో దేశాన్ని ఏలిన సైనిక పాలకులు తొకుగవ షోగున్లకు నమ్మకమైన ఇయీ వంశపు రాజధాని. 1604లో మొదలైన కోట పని పూర్తిగా ముగిసేసరికి 1622 వచ్చింది. యుద్ధ నిర్మాణంగా చూస్తే ఈ కోటే ఆసక్తికరం: గోడల్లోని తుపాకీ రంధ్రాలను బయటి వైపు సున్నంతో కప్పేశారు, అవసరమైతే పగలగొట్టి కాల్చడానికి. కోట ముందర గుర్రపుశాల, పక్కనే 17వ శతాబ్దపు గెన్‌క్యూయెన్ తోట నేటికీ ఉన్నాయి. 1858లో అమెరికాతో వర్తక ఒప్పందానికి ఒప్పుకొని, 1860లో ఎదో (నేటి టోక్యో) నగరపు కోట ద్వారం బయట హత్యకు గురైన ఇయీ నవొసుకే యౌవనమంతా గడిపిన సాదా ఇల్లు కూడా ఇక్కడే ఉంది. పద్నాలుగో కొడుకు కనుక అధికారం మీద ఆశ లేక, తేనీటి విద్యలో, అంటే అతిథికి సంప్రదాయ పద్ధతిలో టీ అందించే కళలో, కాలం గడిపిన మనిషి ఆయన.

పశ్చిమ జపాన్‌లోని మత్సుయేలో హొరియో యొషిహరు అనే ప్రభువు 1611 నాటికి కట్టించిన కోట నల్లని చెక్క పలకలతో కొంత గంభీరంగా కనిపిస్తుంది. దాని నేలమాళిగలో బావి కూడా ఉంది. 1875లో ప్రభుత్వం కోట భవనాలను వేలం వేసినప్పుడు ప్రధాన మేడ ధర 180 యెన్లు. స్థానికులు ఆ సొమ్ము సమకూర్చి మేడను నిలుపుకున్నారు. హికోనే కోట 1878లో మెయిజీ చక్రవర్తి మాట వల్ల నిలిచింది కాబట్టి, ఊరికీ కోటకూ ఉన్న అనుబంధం మత్సుయేలోనే గాఢమని నా అభిప్రాయం. నిర్మాణ కాలాన్ని తెలిపే ప్రార్థన ఫలకాలు 2012లో దొరికాకే దీనికి 2015లో జాతీయ నిధి హోదా వచ్చింది. హికోనేకు అది 1952లోనే దక్కింది.

కోట దిగాక చూడవలసినవి కూడా మత్సుయేలోనే ఎక్కువ. ఉత్తరపు కందకం వెంబడి సమురాయ్ ఇళ్ల వీధి, అందులో 1890లో ఇంగ్లీషు బోధించడానికి వచ్చి ఇక్కడి సమురాయ్ ఇంటి ఆడపడుచును పెళ్లాడిన రచయిత లాఫ్కాడియో హెర్న్ నివాసం, తేనీటి విద్యలో పేరు మోసిన మత్సుయేను ఏలిన మత్సుదైర వంశపు ఏడవ ప్రభువు ఫుమై అభిరుచికి కట్టిన మెయిమెయి-అన్ తేనీటి కుటీరం, సాయంత్రానికి షింజి సరస్సు మీద సూర్యాస్తమయం, ఇవన్నీ నడకలోనే అందుతాయి.

అయితే దూరమూ లెక్కలోకి వస్తుంది. క్యోటో నుంచి హికోనేకు రైల్లో గంటలోపే చేరవచ్చు; మత్సుయేకు ఒకయామా నుంచే రెండున్నర గంటలు పడుతుంది. ఒక్క రోజే చేతిలో ఉంటే హికోనే, రెండు రోజులు దొరికితే తప్పకుండా మత్సుయే. అదీ చలికాలమైతే కందకంలో తిప్పే పడవల్లో కాళ్లు వెచ్చబెట్టుకోవడానికి కొతాత్సు బల్లలు (దుప్పటి కప్పి, కింద వేడి పెట్టిన పొట్టి బల్లలు) వేస్తారు. తక్కువ ఎత్తు వంతెన వచ్చినప్పుడల్లా పడవ కప్పు కిందికి వంగుతుంది, దానితో పాటు మనమూ తల దించాలి.