దించిన పికప్‌కి రిమ్ కలర్, టైర్ సైజ్: నాలుగేళ్లు తిప్పాక నా అనుభవం

సస్పెన్షన్ మార్చి నా పికప్ బాడీని ముందు 2 అంగుళాలు, వెనక 4 అంగుళాలు కిందికి దించి నాలుగేళ్లు దాటింది, ఈ నాలుగేళ్లలో రెండు సెట్ల రిమ్ములు, టైర్లు వాడాను, మొదటి సెట్ తప్పు ఎంపిక అని గట్టిగా చెప్పగలను. బండి ముదురు నీలం. అప్పట్లో గ్లాసీ బ్లాక్ (మెరిసే నలుపు) 20 అంగుళాల రిమ్ములు, 255/45 ఆర్20 టైర్లు వేయించాను. కంపెనీ నుంచి వచ్చింది 265/70 ఆర్17.

ముందు సైజ్ సంగతి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరపడతారు. రిమ్ పెద్దదైతే చక్రం పెద్దదవుతుందని నేనూ అనుకున్నా, కానీ చూడాల్సింది టైరు మొత్తం ఎత్తు. 265/70 ఆర్17 దాదాపు 803 మి.మీ ఉంటుంది, 255/45 ఆర్20 మాత్రం 738 దగ్గరే ఆగిపోతుంది. లెక్క కష్టమేం కాదు, 255 అంటే టైరు వెడల్పు మి.మీలో, అందులో 45 శాతం సైడ్‌వాల్ (రిమ్ అంచు నుంచి టైరు పైదాకా ఉండే ఎత్తు), దాన్ని రెండింతలు చేసి 20 అంగుళాల రిమ్, అంటే 508 మి.మీకి కలపడమే. టైరు 65 మి.మీ తగ్గిందంటే పైన ఫెండర్‌కీ (చక్రం మీద ఉండే బాడీ భాగం) టైరుకీ మధ్య దాదాపు 33 మి.మీ ఖాళీ పెరిగినట్టే. ముందు 51 మి.మీ గ్యాప్ మూయడానికి సస్పెన్షన్ మీద అంత ఖర్చుపెట్టి అందులో సగానికి పైగా నా చేతులతో నేనే మళ్లీ తెరిచేశా! బండి నేలకి దగ్గరగానే ఉంది కానీ పక్క నుంచి చూస్తే దించినట్టే లేదు.

పైగా స్పీడోమీటర్ 100 చూపిస్తే నిజంగా వెళ్లేది 92, కిలోమీటర్ల రీడింగ్ కూడా అలాగే ఎక్కువ తిరిగిపోతుంది. గతుకుల్లో అయితే నడుము పట్టేసేది. అన్నిటికంటే నన్ను భయపెట్టింది లోడ్ ఇండెక్స్, పాత టైరు మీద 115 ఉండేది, అంటే ఒక్కోటి 1215 కిలోలు మోస్తుంది, ఈ కొత్తదాని మీద 105, అంటే 925. వెనక సామాను వేసే బండికి అది చాలా తేడా అండి, అమ్మినవాళ్లు ఆ మాటే ఎత్తలేదు, టైరు పక్కన నంబర్ నేను చదువుకుని తెలుసుకున్నా.

కలర్ విషయానికొస్తే, గ్లాసీ బ్లాక్ కొత్తలో మెరిసిపోయింది, ఒప్పుకుంటా. కానీ నల్ల రిమ్ నల్ల టైరులో కలిసిపోయి 20 అంగుళాల చక్రం కూడా చిన్నగా కనిపిస్తుంది, దించిన బండికి చక్రమే అందం కదా, అది కనపడకపోతే ఇంకేం లాభం. కడిగిన రెండో రోజుకే బ్రేక్ డస్ట్ (బ్రేకులు అరిగి రాలే పొడి) గోధుమ రంగులో పేరుకుంటుంది, నీళ్ల మరకలు, గుడ్డతో తుడిచిన సన్న గీతలు ఎండలో అన్నీ తెలిసిపోతాయి.

ఏడాదిన్నరకి అవి తీసేసి గన్‌మెటల్ (ముదురు బూడిద రంగు) రిమ్ములు, 275/50 ఆర్20 టైర్లు వేయించా. ఎత్తు 783, అంటే కంపెనీ టైరుకి 20 మి.మీ మాత్రమే తక్కువ, స్పీడ్ తేడా రెండున్నర శాతం, లోడ్ ఇండెక్స్ 113, అంటే 1150 కిలోలు. ఫెండర్ కింద ఇప్పుడు నిండుగా ఉంది. గన్‌మెటల్ మీద డస్ట్ ఉన్నా దూరం నుంచి తెలియదు, రెండు వారాలు కడగకపోయినా సిగ్గుపడాల్సిన పని లేదు, నీలం పక్కన స్పోక్ ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది. తెల్ల బండికైతే నలుపు ఇంకాస్త బాగుంటుందేమో గానీ నేనైతే మళ్లీ వేయను.

అన్నీ కలిసొచ్చాయని కాదు. పాత రిమ్ కంటే కొత్తదాని ఆఫ్‌సెట్ (రిమ్ వెడల్పు మధ్య నుంచి బండికి బిగించే చోటుకి ఉన్న దూరం) 15 మి.మీ తక్కువ, వెడల్పు మారలేదు కాబట్టి చక్రం 15 మి.మీ బయటికొచ్చింది, స్టీరింగ్ పూర్తిగా తిప్పి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ముందు కుడి టైరు ఫెండర్ లోపల ఉండే ప్లాస్టిక్ లైనర్‌ని రాసేది. లైనర్‌ని కొంచెం కోసి వెనక్కి బిగించాక ఇప్పుడు లోడ్ ఉన్నప్పుడు మాత్రమే తగులుతోంది. రిమ్ కొనేముందు ఆఫ్‌సెట్ అడగండి, రంగు కంటే ముందు అడగండి.

ఇంకొకటి, దించాక అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించడం నేను ఆలస్యం చేశా. చక్రం పైభాగం లోపలికి వాలి, మొదటి సెట్ ముందు టైర్లు బయట కొత్తగా ఉండి లోపలి అంచు మాత్రం తీగ తేలేదాకా అరిగిపోయింది, వంగి చూస్తే తప్ప తెలియదు. రెండో సెట్ వేసిన రోజే అలైన్‌మెంట్ చేయించా, నాలుగింటికీ ఒకటే సైజ్ కాబట్టి ప్రతి 8000 కిలోమీటర్లకి ముందువి వెనక్కి మారుస్తున్నా, రెండున్నరేళ్లయినా అరుగుదల నాలుగింటికీ సమానంగానే ఉంది. ఇవి అరిగాక మళ్లీ ఇదే సైజ్ వేయిస్తా.