కుయిన్ అమానా, కనెలేనా?

ఫ్రాన్స్‌లో పిల్లాపాపలతో తిరుగుతూ తీపి కోసం వాయవ్యాన ఉన్న బ్రిటనీ, నైరుతిలోని బోర్డో నగరాల మధ్య ఒక్క చోటే ఎంచుకోమంటే నా ఓటు బ్రిటనీకే. అక్కడి దువార్నెనే ఊళ్లో 1860 ప్రాంతంలో పుట్టింది కుయిన్ అమాన్. అక్కడి బ్రెటన్ భాషలో కుయిన్ అంటే కేకు, అమాన్ అంటే వెన్న. పేరులోనే గుట్టు ఉంది. బ్రెడ్డు పిండిలో ఉప్పు వెన్న, పంచదార పెట్టి పొరలు పొరలుగా మడిచి కాలుస్తారు. పైన పంచదార పాకంలా కరిగి పెళుసుగా గట్టిపడుతుంది, లోపల వెన్న ఊరుతూ ఉంటుంది. గోరువెచ్చగా తినాలి. పెద్దది కొంటే నలుగురికి సరిపోతుంది. నెయ్యి కారే మైసూర్‌పాక్ ఇష్టమున్నవాళ్లకు పరిచయం అక్కర్లేదు.

బోర్డో కనెలే గుప్పిట్లో పట్టేంత చిన్న కేకు. గాడులున్న రాగి అచ్చుకు తేనెమైనం, వెన్న రాసి కాలుస్తారు. పైన ముదురు గోధుమరంగులో కరకర, లోపల కస్టర్డ్‌లా మెత్తన. అందులో గుడ్లు, వనిల్లాతో పాటు రమ్ము కూడా పడుతుంది, వద్దనుకుంటే ముందే అడగండి. పొద్దున కొన్నది సాయంత్రానికి మెత్తబడిపోతుంది.

భోజనంలో తేడా ఇంకా ఎక్కువ. బ్రిటనీ క్రెపరీల్లో, అంటే అట్ల హోటళ్లలో, బక్‌వీట్ (గోధుమ కాని ఒక గింజ) పిండితో దోసెలా పల్చగా గలెట్ పోస్తారు. గుడ్డు, చీజ్, హామ్ (పందిమాంసం) మామూలు. హామ్ వద్దంటే సరి. బోర్డోలో పేరుమోసినది రెడ్ వైన్ సాస్‌తో ఎంట్రకోట్, అంటే గొడ్డుమాంసం. శాకాహారులున్న కుటుంబానికి అక్కడ మెనూ చదవడమే టెన్షన్. రెండు చోట్లా మధ్యాహ్నం 2 దాటితే చాలా రెస్టారెంట్ల వంటగదులు మూతపడతాయి. అప్పుడు మళ్లీ బేకరీయే దిక్కు.